బాలురును, రంగస్థల మృగములును

పాఠశాలా వార్షికోత్సవము సమీపించినప్పుడెల్ల ఉపాధ్యాయులమైన మాకు ఒక్కటే చర్చ: ఈ యేడు పిల్లలచేత ఏమి చేయింపవలెను? కొన్ని సంవత్సరములనుండి చేయించుచున్నదేదో చదువరులకు దెలియనిది కాదు. యంత్రముపై సినిమాపాట వేయుదుము. అద్దెదుస్తులు ధరించిన పదిమంది పిల్లలు ఆ పాటకు సరిగా కాలుసేతులు కదలింతురు. తలిదండ్రులు సెల్‌ఫోనులెత్తి బొమ్మలు తీసికొందురు. పాట ముగియును, నోరు మెదపిన బిడ్డ యొక్కడును లేడు. దీనిని నిందించుటకు నాకంత హక్కు లేదు, ఏలయన అట్టి కార్యక్రమముల పట్టికను పెక్కు సంవత్సరములు స్వహస్తముతో వ్రాసినవాడను నేనే. అయినను గడచిన సంవత్సరము ఒక సాయంకాలము నా తరగతి పిల్లలతోను, నా కుటుంబముతోను ఒక నాటకము చూచి వచ్చిన పిమ్మట నా యభిప్రాయము మారినది. ఆ మార్పునకు గారణమును ఇచ్చట విన్నవించుకొందును.

ఆ నాటకము సురభివారి ‘శ్రీకృష్ణ లీలలు’. ప్రదర్శనము రవీంద్రభారతిలో. ఏడవ తరగతి పిల్లలు ముప్పదిమంది, నా భార్య, మా చిన్నది, నేను నారాయణగూడ స్టేషనున మెట్రోరైలెక్కి, మహాత్మాగాంధీ బస్సుస్టేషనున బండి మారి, శాసనసభ స్టేషనున దిగితిమి. ఈ ముప్పదిమందిలో ఇంతకుమునుపు రంగస్థలముపై మనుష్యులు పాడుచు ఆడుచు కథ నడుపగా చూచినవారు ఇద్దరే. సినిమా చూడనివాడు ఒక్కడును లేడని వేఱుగ వ్రాయనక్కఱలేదు.

బయలుదేరుటకు ముందే ఒక చిక్కు వచ్చినది. ఒక విద్యార్థి తండ్రి, మన సంఘములోనివాడే, వృత్తిచేత దర్జీ, పాఠశాలకు వచ్చి, “పురాణనాటకమునకు మన పిల్లలేల, మాస్టరుగారూ?” అని యడిగెను. తెలుగు వాచకములో పోతనగారి పద్యములను మన పిల్లలు కంఠస్థము చేసి మార్కులు తెచ్చుకొనుచున్నారు గదా యని నేనంటిని. “చదువుట వేఱు, వేషములు చూచుట వేఱు” అని యాయన సమాధానము. అందులో యుక్తి లేకపోలేదు. తండ్రి మాట తండ్రిది గనుక నేను బలవంతపెట్టలేదు. ఆ బాలుడు రాలేదు. మఱునాడు మధ్యాహ్న భోజనపువేళ తోడివారిచేత కథ మూడుసారులు చెప్పించుకొనెనని మాత్రము విన్నాను.

సురభివారినిగూర్చి నాలుగు మాటలు చెప్పవలెను. 1885వ సంవత్సరమున కడపమండలములోని సురభి గ్రామమున, ఒక పెండ్లివేడుకలో, వనారస గోవిందరావుగారును వారి బంధువులును ‘కీచకవధ’ నాడిరి. అదియే ఆరంభము. ఆ గ్రామము పేరే ఈ కుటుంబములకు ఇంటిపేరువలె నైనది. అంతకుమునుపు వీరు తోలుబొమ్మలాడించినవారు. మహారాష్ట్ర దేశమునుండి తరతరములకు వెనుక వలసవచ్చినవారు. తక్కిన సమాజములలో పురుషులు మీసములు గొఱిగించుకొని సీతాసావిత్రుల వేషములు కట్టుచున్న దినములలో, సురభివారి ఆడుపడుచులే స్త్రీవేషములు ధరించిరి. తొలి తెలుగు టాకీ యైన ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయిగారు ఈ కుటుంబములోని బిడ్డయే. ఇటీవలివారిలో శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నడపిన రేకందార్ నాగేశ్వరరావుగారికి 2013లో పద్మశ్రీ లభించినది. ఆయన 2022లో పరమపదించిరి. తాత సింహాసనముపై కూర్చుండగా మనుమడు వింజామర వీచుట, తల్లి పాడుచుండగా తెరవెనుక ఆమె చంటిబిడ్డ యేడ్చుట వీరికి నిత్యకృత్యము. కుటుంబసమేతముగా చూడదగిన నాటకమని ప్రకటనలలో వ్రాయుదురు. ఇది కుటుంబసమేతముగా ఆడు నాటకము.

నాటకముయొక్క గుణదోషములన్నియు నేను విమర్శింపబూనలేదు. ధ్వనిపెట్టెల హోరువలన కొన్ని పద్యములు వినబడలేదు. ఒకటి రెండు తెరలు మడతలయొద్ద వెలిసిపోయినవి. సభామందిరము సగము మాత్రమే నిండినది, ఇది నాటకమువారి దోషము కాదు. నేను చెప్పదలచినది మృగములనుగూర్చి.

బకాసురుడు వచ్చెను. బారెడు ముక్కు, అది తెఱచుకొనుచు మూసికొనుచుండగా ముందువరుస పిల్లలు కాళ్లు పైకి ముడుచుకొనిరి. తరువాత మడుగు, మడుగులోనుండి కాళియుడు. ఆ పడగలు ఏ గుడ్డతో గుట్టినవో, లోపల వెదురుబద్దయో ఇనుపతీగెయో నేనెఱుగను. అవి యొకటొకటిగా లేచి, ఊగి, బుసకొట్టినవి. నా ప్రక్కనున్న ఒక కుఱ్ఱవాడు, వీడు తరగతిలో ప్రతి లెక్కకును తప్పువెదకు బుద్ధిమంతుడు, నా చెవిలో, “సార్, దారం కనవడుతున్నది” అనెను. నిజమే, దీపపు వెలుగు పడినప్పుడు పడగమీదినుండి పైకి పోవు సన్నని తీగ తళుక్కుమనుచుండెను. నేను జవాబు చెప్పకమునుపే అటుప్రక్కవాడు వీని మోచేతిని గిల్లి, “ఊకోరా! పాము ఇంటది” అనెను. (పిల్లల మాటలను పిల్లల భాషలోనే వ్రాసితిని, వ్యాకరణవేత్తలు మన్నింతురుగాక.)

ఇంటికి వచ్చి ఆ రాత్రి నేను నిద్రపోక ఆలోచించినది ఈ రెండు వాక్యములనుగూర్చియే. దారము కనబడినదని చెప్పినవాడు అబద్ధమాడలేదు. పాము వినునని చెప్పినవాడును అబద్ధమాడలేదు. వానికి దారము కనబడలేదనుకొంటిరా? కనబడినది. కనబడియు, పాము జీవించియుండుటకు తనవంతు తాను ఇచ్చుచున్నాడు. తీగె సగము, వాని మనస్సు సగము. ఈ రెండును గలిసి కాళియుడైనది. ఈ యిచ్చుటయే నాటకమునకు ప్రాణము. మృగములయెడ దయకును ఇదియే మొదటి మెట్టని నేను నమ్ముచున్నాను. తనదికాని దేహములో తన మనస్సును ఒక్క క్షణము నిలుపలేనివాడు కుక్కకు నొప్పి కలుగునని ఎట్లు తెలిసికొనును?

ఈ విద్య మన దేశమునకు క్రొత్తది కాదు. మేకతోలును పలుచగా చెక్కి, రంగులు వేసి, తెల్లని తెర వెనుక దీపము వెలిగించి, జాంబవంతుని, జటాయువును, మాయలేడిని నడపిన తోలుబొమ్మలవారు అదే పని చేసిరి. నడుమ బంగారక్క, కేతిగాడు వచ్చి నవ్వింతురు. మరల లేడి వచ్చి పరుగెత్తును. తోలు కనబడును, చీపురుపుల్లవంటి కఱ్ఱ కనబడును, ఊరంతయు తెల్లవార్లు కూర్చుండును. మన సత్యసాయిజిల్లా నిమ్మలకుంటలో ఈ విద్య నేటికిని కలదు. అచ్చటి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ఇచ్చిరి. దసరాదినములలో పసుపు పూసికొని నల్లచారలు దిద్దుకొని డప్పునకు అడుగువేయు పులివేషగాడును ఈ వంశమువాడే. ఆ పులి క్రింద మనిషి కాళ్లుండుట చూచియే పిల్లలు పరుగెత్తుదురు, మరల వెనుకకు వత్తురు.

పడమటిదేశములవారు దీనిని ఆలస్యముగా గ్రహించిరనవచ్చును, గ్రహించిన పిదప గొప్పగా చేసిరి. 1997లో న్యూయార్కు నగరమున ‘లయన్ కింగ్’ అను చలనచిత్రకథను సంగీతనాటకముగా ఆడించినప్పుడు, దర్శకురాలు జూలీ టేమర్ మృగముల తలలతో నటుల ముఖములను కప్పివేయలేదు. సింహపు ముఖము నటుని నెత్తిమీద, నటుని ముఖము దాని క్రింద, రెండును ఒక్కసారిగా కనబడునట్లు చేసినది. నటులు కాళ్లకును చేతులకును పొడవైన కఱ్ఱలు కట్టుకొని జిరాఫీలై నడచిరి. ఆమె యౌవనమున ఇండోనీషియాలో నుండి అచ్చటి నీడబొమ్మలాటను ఎఱిగినది. ఆ నీడబొమ్మలును ఈ నాటకమున కలవు. సంగీతనాటక దర్శకత్వమునకు టోనీ బహుమానమందిన మొదటి స్త్రీ ఈమెయే. ఇంత ధనము, ఇంత యంత్రసామగ్రి గలవారు మనిషి ముఖమును దాచుటకు చేతగాక దాచలేదా? దాచినచో బాలుడు తనవంతు ఇచ్చుటకు చోటు మిగులదని తెలిసి దాచలేదు.

ఇప్పుడు దీనికి ఎదురుగా నా బాల్యములోని రెండు దృశ్యములు చెప్పెదను. మా వీధికి ఎలుగుబంటి నాడించువాడొకడు వచ్చుచుండెను. దాని ముక్కుకు త్రాడు. అతడు త్రాడు గుంజగా అది లేచి నిలుచుచుండెను; మేము చప్పట్లు కొట్టుచుంటిమి. దాని వెండ్రుకను తాయెత్తులో పెట్టి పిల్లల మెడకు గట్టుచుండిరి. రెండవది, నగరమునకు వచ్చిన ఒక సర్కసు. సింహమొకటి మండుచున్న వలయముగుండ దూకినది. అది దూకుటకు ముందు వెనుకకు తిరిగి కొరడావంక చూచినది. ఆ చూపును నా తండ్రి గమనింపలేదు. నేను గమనించితిని, ఎవ్వరికిని చెప్పలేదు. అచ్చటను దారమున్నది, చదువరులారా. అది మృగమును కట్టివేసిన దారము, చూచువారికి కనబడకుండ దాచినది. భారత ప్రభుత్వము 1998లో ఎలుగుబంటి, కోతి, పెద్దపులి, చిఱుతపులి, సింహము అను అయిదింటిని శిక్షణమిచ్చి ప్రదర్శింపరాదని నిషేధించినది. సర్కసు యజమానులు వ్యాజ్యెము నడపగా 2001లో సర్వోన్నత న్యాయస్థానము ఆ నిషేధమునే నిలిపినది. అది న్యాయమైన పని. అయితే సింహము వెడలిపోయిన రంగస్థలమును ఖాళీగా నుంచవలసిన పనిలేదు. మన పిల్లలలో ఒకడు ఆ చోట నిలువవచ్చును.

సినిమా చాలదా యని కొందఱందురు. గణకయంత్రముచేత పులిని సృష్టించి, ఒక్కొక్క వెండ్రుకయు కదలునట్లు చూపుచున్నారు. 2012లో వచ్చిన ‘ఈగ’ చిత్రములో ఈగయే నాయకుడు. దానిని నేనును నవ్వుచు చూచితిని, పనితనమునకు మెచ్చుకొంటిని. కాని అచ్చట సర్వమును సిద్ధము చేసి పెట్టుదురు. బాలుడు చేయవలసినది కూర్చుండుటయే.

మాటలు చాలును, చేసినదేమో చెప్పవలెను గదా. క్రిస్మసు పండుగకు మా తరగతివారము ‘నోవహు ఓడ’ ఆడుటకు నిశ్చయించితిమి. ఈ ఆలోచన నాది మాత్రమే కాదు. బెంజమిన్ బ్రిటన్ అను ఆంగ్ల సంగీతకారుడు, చెస్టరు పట్టణపు ప్రాచీన నాటకమునుండి ఈ కథను గైకొని, పిల్లలు మృగములై వరుసగా పాడుచు ఓడలోనికి నడచునట్లు ఒక సంగీతనాటకము గూర్చెను. అది 1958లో ఇంగ్లాండులోని ఓర్‌ఫర్డు గ్రామపు దేవాలయమున మొదట ప్రదర్శింపబడినది. నాటకశాలలో కాక దేవాలయముననో పెద్ద సభాభవనముననో ఆడవలెనని ఆయన కోరిక. నేర్చినవారితోపాటు నేర్వనివారును వాయించుటకు అందులో చోటిచ్చెను: తొలిచినుకుల ధ్వనికొఱకు, దారమున వ్రేలాడదీసిన కప్పులను కఱ్ఱగరిటెతో కొట్టింతురు. మేమును అట్లే చేయబోయి మొదట ఉక్కుగ్లాసులు కట్టితిమి. వాన కురిసినట్లు గాక వంటింట గిన్నెలు పడినట్లు వినబడినది. చిక్కడపల్లిలోని ఒక ఇరానీ హోటలువారు అంచులు విరిగిన పింగాణీ కప్పులు పది యిచ్చిరి. వానితో చినుకులు చక్కగా పడినవి. పాటల మాటలు మా తెలుగు పండితులవి, వరుసలు కోలాటపు పాటలవి.

మృగములను పిల్లలే యెన్నుకొనవలెనని విడిచిపెట్టితిని. సింహము, పులి యని అందఱును కేకలు వేయుదురని నేననుకొంటిని. అట్లు జరుగలేదు. గాడిద, కాకి, పావురము, ఊరకుక్క, మేక, తొండ, బల్లి అని వ్రాసియిచ్చిరి; ఏనుగు ఒక్కటే పెద్దది. బల్లి వేషము వేసిన బాలిక ఓడగోడకు అంటుకొని నాటకమంతయు ఒక్కమాట పలుకక, నడుమనడుమ మెడ మాత్రము త్రిప్పుచు నిలిచినది. ఆ రాత్రి అందఱికంటె ఎక్కువ చప్పట్లు దానికే. కుక్క వేషగాడు వారముదినములు నారాయణగూడ చౌరస్తాయొద్ద ఒక ఊరకుక్కను కనిపెట్టి చూచి, “సార్, పండుకునే ముందు మూడుమాట్ల గుండ్రంగ తిరుగుతది” అని వచ్చి చెప్పెను. జంతుశాస్త్రపు పాఠము ఇంతకంటె బాగుగా నేను చెప్పియుండలేదు. వీడు పూర్వము కుక్కలపై రాళ్లు వేయువాడు. ఇప్పుడు మానెనా యని నన్నడుగకుడు. నేను చూచుచుండగా వేయుటలేదు.

ఇచ్చట నా తప్పొకటి ఒప్పుకొనవలెను. తరగతిలో నత్తిగల బాలుడొకడున్నాడు. క్రిందటి సంవత్సరము వానిని తెర లాగుటకు పెట్టితిని. అది వానికి మేలనియే తలచితిని. ఈ సారి వాడు ఏనుగునకు వెనుకకాళ్లు తానగుదునని కోరెను. ముఖము కనబడదు, మాట పలుకనక్కఱలేదు, సరేయంటిని. అభ్యాసమునాడు ఏనుగు పాట వచ్చినప్పుడు గోనెగుడ్డ లోపలినుండి రెండు కంఠములు వినబడినవి. వెనుకదియే శ్రుతిలో నున్నది, ఒక్కచోటను తడబడలేదు. నత్తివారికి పాటలో నత్తి రాకుండుట తఱచుగా జరుగునని శిక్షణకళాశాలలో చదివియు మఱచినవాడను నేను. ప్రదర్శననాడు వాని తల్లి మూడవ వరుసలో కూర్చుండి, గోనెగుడ్డలోని కంఠము తన కుమారునిదని ఎఱుగక, ప్రక్కయామెను “ఎవరి పిల్లగాడు?” అని యడిగినది. మఱునాడు తరగతిలో హాజరు పలుకుటకు వాడు యథాప్రకారము తడబడెను. అద్భుతములు జరిగినవని నేను వ్రాయుటలేదు.

ఆక్షేపణలు రాకపోలేదు. పదవ తరగతి పరీక్షల పాఠశాలలో ఇన్నిదినములు ఆటలకేల యని ఒకరు. మేము పట్టినది సాయంకాలములు పండ్రెండు మాత్రమే. ముఖ్య అతిథి వచ్చినప్పుడు గోనెసంచుల ఏనుగు చిన్నతనముగా నుండునని మఱియొకరు. దీనికి నాకడ జవాబు లేదు. ఏనుగు నిజముగా గోనెసంచులదే. సినిమాపాటకు ఆడుటలో పిల్లలకు సంతోషము లేదా యని ఒక తల్లి యడిగినది. కలదు, తల్లీ, నేను కాదనను. కాని దుస్తుల అద్దెకు 500 రూపాయలు తేలేని బిడ్డ ఆ సంతోషమును క్రిందనుండి చూచుచున్నాడు. ఓడలో నలువదియొక్క మందికిని చోటు దొరికినది.

కావున వచ్చు వార్షికోత్సవమున, ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క పాట అను పద్ధతి మాని, పిల్లలే పాడి పిల్లలే మృగములై ఆడు నాటకమునకు ఒక గంట యీయవలెనని ప్రధానోపాధ్యాయులవారిని కార్యవర్గమువారిని ఈ పత్రికాముఖమున బహిరంగముగా కోరుచున్నాను. వాదింపదలచినవారు వచ్చి వాదింపవచ్చును. శనివారము మధ్యాహ్నము నాకు తీరిక కలదు.

పైన చెప్పిన దర్జీవాని కుమారుడు ఓడలో కాకి. అభ్యాసములు జరుగుచుండగా ఆ తండ్రి యొకనాడు వచ్చి, ద్వారముకడ నిలువబడి, ఏనుగు చెవులు కాగితముతో చేసితిమని చూచి, ఏమియు ననక వెడలిపోయెను. రెండుదినములకు గోనెగుడ్డ చెవులు రెండు, లోపల అట్టలు పెట్టి, అంచులకు జంటకుట్టు వేసి పంపెను. కూలి తీసికొనలేదు. ఆ చెవులిప్పుడు మా ప్రయోగశాల బీరువాపైన నున్నవి. ఒకదానిని ఎలుకలు కొఱికినవి. మరమ్మతునకు శుభ్రమైన గోనెసంచి యొకటి కావలెను. ఎవరియింటనైన నున్నచో పిల్లలచేత పంపగోరెదను.